పోక్సో సెక్షన్ 19: తెలిసిన సంగతి పోలీసులదాకా ఎందుకు చేరడం లేదు

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఆ సంగతి పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ సారాంశం ఇదే. ఈ బాధ్యత టీచర్లకో డాక్టర్లకో మాత్రమే అని చట్టం ఎక్కడా అనలేదు. ‘ఏ వ్యక్తి అయినా’ అంది. పక్కింటివాళ్లు, హాస్టల్ వంటమనిషి, స్కూల్ ఆటో నడిపే మనిషి, ట్యూషన్ చెప్పేవాళ్లు, సర్పంచ్, మేనమామ, కన్నతల్లి అందరూ ఆ మాటలోకి వస్తారు. బాధ్యత ఇంత స్పష్టంగా ఉన్నా చాలా సందర్భాల్లో సమాచారం పోలీస్ స్టేషన్ గడప తొక్కకముందే ఆగిపోతోంది. ఆపుతున్నది నేరగాడొక్కడే కాదు. మంచి ఉద్దేశంతోనే ‘ముందు మనం కనుక్కుందాం, నిజమైతే అప్పుడు చూద్దాం’ అనుకునే హెడ్‌మాస్టర్లు, వార్డెన్లు, డాక్టర్లు, ఇంటిపెద్దలు కూడా ఆపుతున్నారు. చట్టం వాళ్లను సమాచారం ఇమ్మంది. విచారణ జరపమనలేదు. ఈ రెండు పనులూ కలిసిపోయిన చోటే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ఎంత తెలిస్తే చెప్పాలి

19(1) రెండు స్థితుల గురించి మాట్లాడుతుంది. నేరం జరగబోతోందన్న భయం కలగడం ఒకటి, నేరం జరిగిందని తెలియడం రెండోది. రెండింటిలోనూ చెప్పాల్సిందే. శిక్ష వేసే 21వ సెక్షన్ మాత్రం ‘నేరం జరిగిన సంగతి’ చెప్పకపోవడం గురించే మాట్లాడుతుంది. అంటే జరగబోతోందన్న భయాన్ని చెప్పకపోతే బాధ్యత తప్పినట్టే గానీ, ఆ సెక్షన్ మాటల ప్రకారం శిక్ష పడేది జరిగిన నేరాన్ని దాచినప్పుడు. ఈ తేడాను చూపి ‘ఇంకా ఏమీ జరగలేదు కదా’ అని ఊరుకునే సంస్థలు ఒక విషయం మరిచిపోతున్నాయి. పిల్లల వెంటపడటం, అసభ్య సైగలు, ఫోన్‌లో బూతుబొమ్మలు చూపడం కూడా 11వ సెక్షన్ కింద లైంగిక వేధింపే. సిబ్బంది ‘ఇంకా ఏమీ జరగలేదు’ అనుకుంటున్న చోట చాలాసార్లు ఒక నేరం అప్పటికే పూర్తయి ఉంటుంది. బట్టల మీదుగా తాకితే నేరం కాదన్న వాదన కూడా ఇక చెల్లదు. లైంగిక ఉద్దేశంతో తాకడమే 7వ సెక్షన్‌కు చాలునని, చర్మానికి చర్మం తగలనక్కర్లేదని 2021 నవంబరు 18న సుప్రీంకోర్టు తేల్చింది.

‘తెలియడం’ అంటే ఏ మేరకు అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. 2018లో కేరళ ఆస్పత్రి కేసు ఒకటి. ప్రసవానికి వచ్చిన అమ్మాయి వయసు ఆస్పత్రి రికార్డులో 18 అని రాసి ఉంది. ఆమె మైనరని గుర్తించి పోలీసులకు చెప్పలేదని డాక్టర్లపై కేసు పెట్టారు. అందిన సమాచారం వల్ల విషయం తెలిసి ఉండాలే తప్ప, దర్యాప్తు చేసి మరీ తెలుసుకోవాల్సిన బాధ్యత ఆ వ్యక్తిపై లేదని కోర్టు చెప్పి, డాక్టర్లపై కేసు నిలవదంది. రెండోది 2022 నవంబరు 2 నాటి తీర్పు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక పాఠశాల హాస్టల్‌లోని గిరిజన బాలికలపై లైంగిక దాడులు జరిగాయి. వాళ్లకు వైద్యం చేసే డాక్టరుకు ఆ సంగతి తెలిసినా చెప్పలేదన్నది ఆరోపణ. బొంబాయి హైకోర్టు డాక్టరుపై కేసు కొట్టేస్తే సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది చాలాసార్లు నేరగాణ్ని కాపాడే ప్రయత్నమే అవుతుందని అంది.

ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి అడ్డం కాదు. తవ్వి తీయమని ఎవరినీ అడగరు, కానీ చెవిన పడ్డదాన్ని, కంటికి కనిపించినదాన్ని పక్కన పెట్టేయడానికి వీల్లేదు. పిల్ల తన నోటితో చెప్పింది, గాయం కనిపించింది, తోటి విద్యార్థి చూశానంది, పదహారేళ్ల అమ్మాయి గర్భంతో ఆస్పత్రికి వచ్చింది. వీటిలో ఏదైనా సరే, తెలిసినట్టే. రుజువు ఉందా, వయసు కాగితం ఉందా, పేరు సరిగ్గా తెలుసా అన్నవి చెప్పడానికి ముందు తీరాల్సిన షరతులు కావు. బాధితుల వయసు విషయంలోనూ బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వరుసనే కోర్టులు పాటిస్తున్నాయి. మొదట బడి లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. అదంతా దర్యాప్తులో జరిగే పని.

ఎవరికి ఎంత శిక్ష

చెప్పని మామూలు వ్యక్తికి 21(1) కింద 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెప్పినా నమోదు చేయని పోలీసు అధికారికీ ఇదే ఉపసెక్షన్ కింద అదే శిక్ష. ఈ రెండో సగం చాలామందికి తెలియదు. సంస్థ బాధ్యుల విషయంలో చట్టం ఇంకాస్త కఠినంగా ఉంది. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని చెప్పని కంపెనీ లేదా సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, దాంతోపాటు జరిమానా పడతాయి. ‘లేదా’ అన్న వెసులుబాటు అక్కడ లేదు. చెప్పలేకపోయిన పిల్లలకు మాత్రం ఏ శిక్షా లేదు. 2024 ఆగస్టులో మహారాష్ట్ర బద్లాపూర్ పాఠశాలలో ఇద్దరు చిన్నారులపై జరిగిన దాడి కేసులో యాజమాన్యం మీద పెట్టింది ఈ 21వ సెక్షన్ కేసే.

టీచరు హెడ్‌మాస్టరుకు చెప్పి ఊరుకుంటే బాధ్యత తీరినట్టు కాదు. చట్టంలో ఉన్న చిరునామాలు రెండే. ఒకటి ప్రత్యేక బాలల పోలీసు విభాగం, రెండోది స్థానిక పోలీసులు. హెడ్‌మాస్టరు జిల్లా విద్యాధికారికి లేఖ రాసినా, వార్డెన్ సంక్షేమ శాఖకు రిపోర్టు పంపినా అవి శాఖాపరమైన ఉత్తరాలే అవుతాయి, 19వ సెక్షన్ కిందకు రావు. ‘పైవాళ్లకు చెప్పాం, వాళ్లే చూసుకుంటారు’ అన్నది గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో తరచూ వినిపించే జవాబు. ఆ జవాబు కోర్టులో రక్షణ కాదు. సంస్థలో పద్ధతి ప్రకారం పైవాళ్లకు చెప్పాల్సి ఉంటే చెప్పవచ్చు, కానీ దానికోసం పోలీసులకు చెప్పడాన్ని ఒక్క పూట కూడా ఆపకూడదు. పిల్లలతో నిత్యం పనిచేసే సంస్థలన్నీ సిబ్బంది పూర్వాపరాలు పోలీసులతో సరిచూయించుకోవాలని, పిల్లల రక్షణ విధానం అమలు చేయాలని పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నియమావళి చెబుతోంది. ఆ విధానంలో మొట్టమొదటి వాక్యం ‘విషయం తెలిసిన ఉద్యోగి నేరుగా పోలీసులకు చెప్పాలి, ఎవరి అనుమతీ అక్కర్లేదు’ అని ఉండాలి. చాలా స్కూళ్ల కాగితాల్లో దీనికి బదులు ‘యాజమాన్యం దృష్టికి తేవాలి’ అని ఉంటోంది. ఆ ఒక్క వాక్యం టీచర్లను నేరం వైపు నెడుతోంది.

కౌన్సెలర్లకు, సైకాలజిస్టులకు కూడా మినహాయింపు లేదు. పిల్లలతో మొదటి మాటల్లోనే ‘నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే అది నా దగ్గరే దాచుకోలేను, నిన్ను కాపాడగలిగినవాళ్లకు చెబుతాను’ అని చెప్పి ఉంచడం మేలు. అంతా విన్నాక చెబితే పిల్లలకు అది నమ్మకద్రోహంలా అనిపిస్తుంది.

పిల్లలు నోరు విప్పినప్పుడు

దర్యాప్తు మొత్తం ఆధారపడేది చాలాసార్లు పిల్లలు మొదటిసారి ఎవరికి, ఏ మాటల్లో చెప్పారన్న దాని మీదే. 29వ సెక్షన్ కింద కోర్టు నిందితుడు నేరం చేశాడనే భావిస్తుంది. అయినా మూల సంగతులను ప్రాసిక్యూషన్ నిలబెట్టాల్సిందే. ఆ మూల సంగతులు చెడిపోయేది విన్న పెద్దల చేతుల్లోనే.

వినాలి, అడ్డుపడకూడదు. ‘తర్వాత ఏమైంది?’, ‘ఇంకేమైనా చెప్పాలనుందా?’ వంటి ప్రశ్నలు చాలు. ‘ఇక్కడ చెయ్యి వేశాడా?’, ‘ఫలానా సారేనా?’ అని అడిగితే జవాబును నోట్లో పెట్టినట్టే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఎవరు, ఎక్కడ, ఇప్పటికీ ఆ మనిషి దగ్గరకు వెళ్లాల్సి వస్తోందా అన్నంతవరకు తెలిస్తే సరిపోతుంది. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వకూడదు. మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. టీచరు దగ్గర ఒకసారి, హెచ్‌ఎం దగ్గర ఒకసారి, కమిటీ ముందు ఒకసారి, తల్లిదండ్రుల ఎదుట ఒకసారి చెప్పించేసరికి మాటలు మారతాయి, పిల్లలు అలిసిపోతారు, చివరికి ‘ఏం జరగలేదు’ అంటారు. అన్నిటికంటే ఘోరం, నిందితుణ్ని పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టడం. విచారణ జరిగే కోర్టులో కూడా పిల్లలకు నిందితుడు ఎదురుపడకుండా చూడాలని 36వ సెక్షన్ చెబుతుంటే, స్టాఫ్ రూమ్‌లో ఆ పని చేయడానికి ఎవరికీ హక్కు లేదు. పైగా అలా పిలిచిన క్షణం నుంచి నిందితుడికి ఫోన్‌లోవి చెరిపేయడానికి, కుటుంబాన్ని బెదిరించడానికి సమయం దొరుకుతుంది.

విన్న వెంటనే పిల్లలు వాడిన మాటలనే రాసి పెట్టాలి. శరీర భాగాలకు పిల్లలు వాడే ముద్దుపేర్లు, మొరటు మాటలు సరిదిద్దకుండా అలాగే రాయాలి. తేదీ, సమయం, ఎక్కడ విన్నారు, అప్పుడు ఇంకెవరున్నారు, పిల్లలు ఎలా ఉన్నారు, ఈ మాట ఎందుకు వచ్చింది అన్నవి రాసి కింద సంతకం చేయాలి.

ఫిర్యాదు ఎలా ఇవ్వాలి

నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. రాతపూర్వకంగా ఇస్తే చెప్పినవాళ్లకు రక్షణ. ఒక పేజీ చాలు. పిల్లల పేరు, తెలిసినంతవరకు వయసు, ఉన్న చోటు, ఎవరి సంరక్షణలో ఉన్నారు, ఏం తెలిసింది, ఎలా తెలిసింది, నిందితుడు ఎవరు, పిల్లలకు అతనికి సంబంధం ఏమిటి, ఇప్పుడు అతని అందుబాటులోనే ఉన్నారా, తక్షణ వైద్యం కావాలా అన్నవి రాయాలి. చివరి రెండు సంగతులను చాలామంది వదిలేస్తారు. పోలీసులు ఆ రాత్రికే ఏం చేయాలన్నది తేలేది వాటి మీదే. సెక్షన్ నంబర్లు, ‘ఘోరాతిఘోరంగా’ వంటి విశేషణాలు అక్కర్లేదు. చూసినదాన్ని, విన్నదాన్ని, ఊహించినదాన్ని విడివిడిగా రాయాలి.

ఫిర్యాదు అందగానే దానికి నంబరు వేసి, రాసుకుని, చదివి వినిపించి, పుస్తకంలో ఎక్కించాలని 19(2) చెబుతుంది. ఆ నంబరు అడిగి తీసుకోవాలి. పిల్లలే స్వయంగా చెబితే వాళ్లకు అర్థమయ్యే తేలిక భాషలో రాయాలి. భాష రాకపోతే అనువాదకుణ్ని పిలిపించాలి. గోండు, కోయ, లంబాడీ పిల్లల ఫిర్యాదులను పోలీసు తెలుగులో రాసుకుని వేలిముద్ర వేయించడం ఈ నియమానికి విరుద్ధం. తీసుకున్న అధికారి తన పేరు, హోదా, ఫోన్ నంబరు, తన పైఅధికారి వివరాలు చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. బాధితులకున్న హక్కులు, సాయాల వివరాలతో ఫారం-ఎ ఇవ్వాలి.

‘మా స్టేషన్ పరిధి కాదు’ అన్న మాటకు సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చోటు లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చని 173వ సెక్షన్ చెబుతుంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. ఆన్‌లైన్‌లోనూ పంపవచ్చు, కానీ మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. నమోదు చేయకపోతే అదే సమాచారాన్ని రాతపూర్వకంగా ఎస్పీకి పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. అత్యాచారం వంటి నేరాల సమాచారాన్ని నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 199వ సెక్షన్ కింద 6 నెలలకు తక్కువ కాకుండా 2 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది. తిరస్కరించిన అధికారి పేరు, సమయం రాసి పెట్టుకుంటే ఎస్పీకి రాసే ఉత్తరానికి బలం వస్తుంది.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడం మంచిదే. పిల్లలకు వెంటనే మనిషి సాయం దొరుకుతుంది. కానీ 19వ సెక్షన్‌లో ఉన్నది పోలీసులు కాబట్టి, 1098కి చెప్పాక అది పోలీసులకు చేరిందో లేదో నిర్ధారించుకునే బాధ్యత ఫోన్ చేసినవాళ్లదే అనుకోవాలి. ప్రాణాపాయం, దాడి ఇంకా జరుగుతున్న పరిస్థితి అయితే 112.

ఫోన్లలో తిరిగే వీడియోల సంగతి వేరు. అలాంటివి కంటపడితే పోలీసులకు చెప్పాలని పోక్సో 20వ సెక్షన్ మీడియా, హోటళ్లు, లాడ్జీలు, ఆస్పత్రులు, స్టూడియోలు, ఫొటో సేవల సిబ్బందిపై ప్రత్యేక బాధ్యత పెట్టింది. 2020 నియమావళి 11వ నియమం దాన్ని పిల్లల అశ్లీల దృశ్యాలు అందిన ప్రతి ఒక్కరికీ విస్తరించింది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా చెప్పవచ్చు. ‘అందరికీ తెలియాలి’ అని ఆ వీడియోను గ్రూపుల్లోకి పంపడం సమాచారం ఇవ్వడం కాదు, అదే ఒక నేరం. పంపిన నంబరు, గ్రూపు పేరు, లింకు, సమయం రాసుకుని పోలీసులకు ఇవ్వాలి.

ఆస్పత్రిలో

పోలీసుల రిక్విజిషన్ (పరీక్ష చేయమని రాసే లేఖ) లేనిదే చూడం అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఎఫ్‌ఐఆర్ నమోదు కాకపోయినా వైద్య పరీక్ష చేయాలని పోక్సో 27వ సెక్షన్ చెబుతుంది. అత్యవసర వైద్యానికి వచ్చిన పిల్లల దగ్గర ఏ ఉత్తర్వూ, ఏ కాగితమూ ముందుగా అడగకూడదని 6వ నియమం అంటుంది. ప్రభుత్వ ఆస్పత్రి అయినా, ప్రైవేటు అయినా ఉచితంగా వైద్యం చేసి వెంటనే పోలీసులకు చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 397వ సెక్షన్ చెబుతుంది. చేయకపోతే బీఎన్‌ఎస్ 200వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. అంటే ఇక్కడ వరుస చికిత్సతో మొదలవుతుంది, కాగితాలు దాని వెనక నడుస్తాయి. బాలికను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లిదండ్రులో, పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండాలి. వాళ్లెవరూ లేకపోతే ఆస్పత్రి అధిపతి నియమించిన మహిళ ఉండాలి. రెండు వేళ్ల పరీక్ష చేస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గడియారం ఇక్కడ కీలకం. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం శరీరం నుంచి నమూనాలు తీయడానికి 96 గంటలవరకు అవకాశం ఉంటుంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలు కావాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఇంట్లో రెండు రోజులు తర్జనభర్జన పడితే పోయేది ఆధారాలు మాత్రమే కాదు, పిల్లల ఆరోగ్యం కూడా. పరీక్షకు ముందు స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఉంటే మేలు. ఆ బట్టలను ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు ఆధారం కుళ్లిపోతుంది కాబట్టి కాగితం సంచిలో పెట్టాలి. అప్పటికే స్నానం అయిపోయినా, వారాలు గడిచినా చెప్పడం మానుకోకూడదు. పిల్లలపై జరిగే లైంగిక నేరాల్లో గాయమే కనిపించని కేసులు ఎన్నో. గాయం లేకపోవడం నేరం జరగలేదనడానికి రుజువు కాదు.

గర్భంతో వచ్చే మైనర్ల విషయంలో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, పీహెచ్‌సీ డాక్టర్లు ఇబ్బందిలో పడుతున్నారు. పెళ్లయిందన్న మాట కారణం కాదు. భార్య వయసు 18 లోపు ఉంటే ఆమెతో లైంగిక సంబంధం అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటి బీఎన్‌ఎస్ కూడా అదే వయసు పెట్టింది. మెడలో తాళి ఉన్నా సమాచారం ఇవ్వాల్సిందే.

పోలీసులకున్న 24 గంటలు

సమాచారం ఇచ్చినవాళ్లకు తమ పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి పోలీసుల వైపు గడియారం అప్పుడే మొదలవుతుంది. 19(6) ప్రకారం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి (సీడబ్ల్యూసీ), ప్రత్యేక కోర్టుకు తెలపాలి. పిల్లలకు రక్షణ అవసరమా, ఏ చర్య తీసుకున్నారు అన్నవి కూడా అందులో ఉండాలి. ప్రాథమిక అంచనాతో ఫారం-బి కూడా 24 గంటల్లో కమిటీకి వెళ్లాలి.

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. కొన్నిచోట్ల కమిటీకి ఏమీ పంపరు. ఇంకొన్నిచోట్ల ప్రతి బాధితురాలినీ జీపులో ఎక్కించి కమిటీ ముందుకు తీసుకెళ్తారు. రిపోర్టు అన్ని కేసుల్లోనూ పంపాలి గానీ, పిల్లలను హాజరుపరచాల్సింది మూడు సందర్భాల్లోనే అని 4వ నియమం చెబుతుంది: నిందితుడు అదే ఇంట్లో ఉంటున్నప్పుడు, తల్లిదండ్రుల అండ లేకుండా పిల్లలు సంరక్షణ గృహంలో ఉన్నప్పుడు, ఇల్లూ తల్లిదండ్రుల అండా రెండూ లేనప్పుడు. అప్పుడు పిల్లలను ఆ ఇంటి నుంచి వేరు చేయాలా వద్దా అన్నది కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి, పిల్లల ఇష్టాన్ని కూడా చూడాలి. తల్లి అండగా నిలబడి, నిందితుడు బయటివాడైతే పిల్లను హోమ్‌కు పంపాల్సిన పనే లేదు. ‘చెబితే పిల్లను తీసుకెళ్లిపోతారు’ అన్న భయమే చాలా ఇళ్లలో నోళ్లు మూయిస్తోంది. ఈ నియమం ఊరూరా తెలిస్తే ఆ భయంలో సగం పోతుంది.

వాంగ్మూలం పిల్లల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫారంలో ఉండకూడదు. ఏ కారణంతోనైనా సరే, రాత్రివేళ పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. కేసు పొడవునా తోడుండే సహాయక వ్యక్తిని పిల్లల, తల్లిదండ్రుల సమ్మతితో కమిటీ ఇవ్వవచ్చు. తిండికి, బట్టలకు, ప్రయాణానికి తక్షణ డబ్బు కావాలంటే కమిటీ సిఫారసు చేసిన వారంలోగా అందాలని 8వ నియమం చెబుతుంది. అడగనివాళ్లకు ఇది అందడం అరుదు. కూలికి వెళ్లే తల్లి కోర్టు వాయిదాలకు రోజుకూలి పోగొట్టుకుంటూ తిరిగి, చివరికి విసిగి సాక్ష్యం మార్చుకునే పరిస్థితికి ఇదొక కారణం.

పెద్దమనుషులు, రాజీ, పరువు

ఊళ్లో పంచాయితీ పెట్టి ఇంత డబ్బు ఇప్పించడం, ఇంకా దారుణంగా నిందితుడికే ఇచ్చి పెళ్లి చేస్తామనడం ఆగలేదు. అలా కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ నేరం సంగతి తెలిసినట్టే, వాళ్లందరికీ 21వ సెక్షన్ వర్తిస్తుంది. రాజీ కాగితం కోర్టులోనూ పనిచేయదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై పెట్టిన కేసును, తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఇలాంటి నేరం ఇరుపక్షాల సొంత వ్యవహారం కాదని చెప్పింది.

తల్లిదండ్రులు వద్దన్నా బాధ్యత పోదు. వాళ్ల అనుమతి కావాలని చట్టంలో లేదు. అయితే వాళ్లకు తెలియకుండా చేసి వదిలేయడం కూడా సరికాదు. ‘చెప్పక తప్పదు, చెప్పకపోతే మీకూ మాకూ కేసు అవుతుంది, పేరు బయటికి రాదు’ అని కూర్చోబెట్టి వివరించాలి. నిందితుడు ఇంట్లోవాడే అయితే మాత్రం ముందు పోలీసులకే చెప్పాలి. పేరు బయటికి రాదన్నది ఓదార్పు మాట కాదు. పిల్లల పేరు, ఫొటో, చిరునామా, బడి, ఇరుగుపొరుగు వివరాలు బయటపెట్టే మీడియాకు 23వ సెక్షన్ కింద 6 నెలలకు తక్కువ కాకుండా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోక్సో ఎఫ్‌ఐఆర్‌లను బహిరంగంగా ఉంచకూడదని 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది.

తప్పుడు కేసు పెట్టినట్టు అవుతుందేమో అన్న సంకోచం చాలామందిది. మంచి విశ్వాసంతో చెప్పినవాళ్లకు సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ లేదని 19(7) హామీ ఇస్తోంది. చెప్పింది రుజువు కాకపోయినా అంతే. 22వ సెక్షన్ శిక్షించేది కేవలం అవమానించడానికి, డబ్బు గుంజడానికి, బెదిరించడానికి, పరువు తీయడానికి తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లను. చిన్ననాడు జరిగినదాన్ని పెద్దయ్యాక చెప్పడానికి కూడా పోక్సోలో గడువు లేదు. అయితే 2012 నవంబరు 14కు ముందు జరిగినదానికి అప్పటి ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

చట్టంలో ఉన్న ఖాళీలు

ఈ నిర్బంధ బాధ్యత లైంగిక నేరాలకే. పిల్లలను వాతలు పెట్టడం, తిండి మాన్పించడం, కట్టేసి కొట్టడం బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరాలే. కానీ చూసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలన్న బాధ్యత అక్కడ 19వ సెక్షన్‌లా లేదు. ఆ చట్టం 32వ సెక్షన్ 24 గంటల్లో చెప్పమన్నది తప్పిపోయిన, అనాథగా, దిక్కులేకుండా కనిపించిన పిల్లల గురించి. ఒకే ఇంట్లో ఒకే పిల్లపై రెండు రకాల హింస జరుగుతుంటే, ఒకటి దాచితే నేరం, రెండోది దాచితే కాదు. దీన్ని సరిచేయాలి.

రెండో ఖాళీ పదహారు, పదిహేడేళ్ల ప్రేమ జంటలది. 18 లోపు సమ్మతికి చట్టంలో విలువ లేదు కాబట్టి, ఇష్టపడి దగ్గరైన ఇద్దరి విషయాన్నీ డాక్టరు చెప్పక తప్పదు. దానివల్ల అమ్మాయిలు ఆస్పత్రికి రావడానికే జంకి, నాటు పద్ధతులతో గర్భం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. 2023లో లా కమిషన్ 283వ నివేదిక సమ్మతి వయసు తగ్గించవద్దంది. 16 నుంచి 18 మధ్య వాస్తవ సమ్మతి ఉన్న కేసుల్లో శిక్ష విషయంలో కోర్టులకు విచక్షణ ఇమ్మంది. అది శిక్ష దగ్గర ఉపశమనం మాత్రమే, ఆస్పత్రి గుమ్మం దగ్గర భయాన్ని తీసేయదు. అంతకన్నా ముందు, 2022 సెప్టెంబరు 29న గర్భస్రావ హక్కుపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గం చూపింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, 19వ సెక్షన్ కింద డాక్టరు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు చెప్పనక్కర్లేదు. సమాచారం మాత్రం ఇవ్వాలి. నియమావళి 2020 నాటిది కాబట్టి పేరు లేని ఆ రిపోర్టును ఎలా రాయాలో, పోలీసులు దాన్ని ఎలా నమోదు చేయాలో అందులో లేదు. అందుకే డాక్టరు ఆ రిపోర్టులో తీర్పు తేదీని ప్రస్తావించి, మైనరు, సంరక్షకుల రాతపూర్వక కోరికను ఆస్పత్రి రికార్డులో భద్రపరిచి, పోలీసులకు అందినట్టు సంతకం తీసుకోవడం అవసరం.